ఎర్రనీళ్ల జాడీ

లోవరాజు వింతల మేడ మెట్లెక్కి పై హాల్లోకి వచ్చేసరికి పదకొండయింది. మేజిస్ట్రేటు కచేరీలో యెహెజ్కేలు కేసు పిలిచేది మూడింటికి. మధ్యలో ఉన్నవి నాలుగే గంటలు, అందులో ఓ అరగంట ఆయన కుడి మోకాలు మింగేస్తుంది. పాతికేళ్లు కోరంగిలోనూ కాకినాడలోనూ ఓడలెక్కి దిగి, సుంకం కచేరీ తరఫున సరుకులు విప్పి చూసిన మోకాలది. ఉద్యోగం ఆయన్ని వదిలేసింది గాని, నొప్పి వదల్లేదు. వదలనిది ఇంకోటి కూడా ఉంది, మూట కనిపిస్తే విప్పి చూడాలన్న దురద. ఆ దురద కోసమే జనం ఇప్పుడు ఆయన్ని వెతుక్కుంటూ వస్తున్నారు.

నిన్న వెతుక్కుంటూ వచ్చింది దేవకుమారి. మిషను బడిలో ఆడపిల్లలకి పాఠాలు చెబుతూ అక్కడే ఉంటుంది. యెహెజ్కేలుకి ఒక్కతే కూతురు. అతను పన్నెండేళ్లుగా ఈ మేడకి కాపలా. ఇప్పుడు చీనా జాడీ మార్చేశాడని మూడు రోజులుగా లాకప్పులో ఉన్నాడు. మేజిస్ట్రేటు తల ఊపితే రెండేళ్లకి తక్కువ పడదంటున్నారు. యెహెజ్కేలుకి అరవై దగ్గర పడ్డాయి, ఛాతీలో ఉబ్బసం. జైల్లోకి వెళ్లినవాడు మళ్లీ నడిచి బయటికి వస్తాడన్న నమ్మకం ఆ అమ్మాయికి లేదు. లోవరాజు దగ్గర ఆ మాట అనలేదు గాని, ఆయనకి అర్థమైంది.

మెట్ల మీద ఆయన ఆగి ఆయాసపడుతుంటే దేవకుమారి చేతిలోని మరచెంబు మూత తిప్పింది.

"మంచినీళ్లు ఇమ్మంటారా అండీ?"

"వద్దమ్మా, దాహం లేదు" అన్నాడు లోవరాజు, చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోతున్నా సరే. ఆ అమ్మాయి మూత బిగించేసింది. మొహంలో ఏ మార్పూ లేదు. అలవాటైన మాటే కదా.

హాలు మధ్యలో ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు తాటాకు బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్లవాడు, చురుకైనవాడు, ఆ సంగతి అందరికంటే ముందు తనకే తెలిసినవాడు.

"రండి రండి, సుంకం వారూ! ముందు నోరు తీపి చేసుకోండి. ఆత్రేయపురం పూతరేకులు. పోయిన మంగళవారం మాకు ఆడపిల్ల పుట్టింది."

"శుభం! నిండు వరదలో పుట్టిందన్నమాట."

"ఏం వరదండీ బాబూ! సోమవారం తెల్లారుతూనే మా వీధి మునిగింది. నేనేమో గట్టుకి గండి పడకుండా కూలీలని పెట్టుకుని నాలుగు రోజులు అక్కడే. మా అమ్మే ఎవరిదో మేడ మీదికి చేర్చి పురుడు పోయించిందిట. గురువారం సాయంత్రం ఇంటికెళ్తే తల్లీ పిల్లా మంచం మీద చల్లగా ఉన్నారు."

లోవరాజు పూతరేకు నోట్లో వేసుకున్నాడు. అది కరిగిపోయింది గాని, ఎవరిదో మేడ అన్నమాట మాత్రం కరగకుండా ఓ మూల ఉండిపోయింది.

"ఇక మీరు వచ్చిన పని చూసుకోండి" అన్నాడు జగన్నాథరావు. "ముద్దాయిని కూడా ఇక్కడికే పిలిపించాను. మూడింటికి నేను కచేరీలో ఉండాలి. నా కేసు మూడు ముక్కల్లో ఉంది. వీరాస్వామి గారూ, చెప్పండి."

వీరాస్వామి జమీందారు గారి గుమాస్తా. ఈ మేడలో పోగేసిన వింత వస్తువులన్నిటికీ లెక్క ఆయనదే. కళ్లజోడు సర్దుకుని జాడీ వైపు వేలు చూపించాడు, అది కరుస్తుందేమో అన్నంత దూరం నుంచి.

పీట మీద నడుమెత్తు జాడీ. పసుపుపచ్చ మెరుగు, దాని మీద రెండు చీనా సర్పాలు మీసాలు ఎగరేసి, పచ్చటి మబ్బుల్లో నిప్పుబంతి కోసం తరుముకుంటున్నాయి. భుజం చుట్టూ తాడు దూర్చుకునే ఆరు చెవులు.

"ఇది మాది కాదండి" అన్నాడు వీరాస్వామి. "మా జాడీ నల్లగా, తారు పూసినట్టు ఉండేది. ఈ పచ్చమబ్బులు దాని మీద లేవు. రెండోది బరువు. మా జాడీని నలుగురు పట్టినా కదిలేది కాదు, దీన్ని ఇద్దరు ఎత్తేస్తున్నారు. మూడోది, దాని మీద నేను స్వయంగా అంటించిన కాగితం. అదీ లేదు. బుధవారం దీన్ని మద్రాసు ఎగ్జిబిషనుకి పంపాలండి. జమీందారు గారు అక్కడ కూచుని దొరలందరికీ చెప్పుకుంటున్నారు. నా గతేంటండి?"

"చివరిసారి మీ జాడీని ఎప్పుడు చూశారు?"

"ఆదివారం సాయంత్రం. నేనే దగ్గరుండి తాళం వేయించి కొవ్వూరు వెళ్లాను. వరదకి పడవలు ఆపేశారు. శుక్రవారం పొద్దున వచ్చి చూస్తే ఇది ఉంది. తాళంచెవి యెహెజ్కేలు దగ్గరే ఉందండి."

"అయిదు రాత్రుళ్లు, ఒక్క తాళంచెవి" అన్నాడు జగన్నాథరావు. "ఇంకేం కావాలి?"

లోవరాజు జాడీ దగ్గరికి వెళ్లి ముక్కు ఆనించినంత పని చేశాడు. సర్పం పొలుసుల సందుల్లో తెల్లగా బూడిద. చెవి కింద మడతలో పసుపు, గట్టిపడి, గోటితో గీకితే నూనెజిడ్డుతో లేచింది.

"వీరాస్వామి గారూ, నాగులచవితికి ఇక్కడికి ఆడవాళ్లు వస్తారా?"

గుమాస్తా సిగ్గుపడ్డాడు. "ఎంత చెప్పినా వినరండి. ఇది నాగేంద్రుడు కాదమ్మా, చీనా దేశపు బొమ్మ అంటే నా మొహం చూసి నవ్వుతారు. పసుపు రాస్తారు, నూనె పోస్తారు, సాంబ్రాణి వేస్తారు. ముప్పై ఏళ్లుగా ఇదే వరస."

"మీరెప్పుడైనా కడిగించారా?"

"నాగేంద్రుణ్ణి కడిగించడానికి పనివాళ్లు ఒప్పుకోవద్దాండీ?"

"సరే. పాత రిజిస్టరు తెచ్చి, దీని సంగతి ఏం రాసుందో చదవండి."

రిజిస్టరు వచ్చింది, వీరాస్వామి కంటే ముందున్న గుమాస్తా దస్తూరీ. "చీనా జాడీ ఒకటి. కోరంగి రేవున దిగిన సరుకు. అడుగున నలభై ఒకటి అంకె కలదు."

"ఇద్దరు జవాన్లు ఇలా రండి. జాడీని పక్కకి వాల్చండి, నెమ్మది."

జాడీ వాలింది. మట్టిరంగు అడుగు మీద తారుతో రాసిన నలభై ఒకటి, అరచెయ్యంత అంకెలు. ఓడల్లో సరుకు మధ్య కూరే గడ్డి పోచలు రెండు ఆ తారులో కూరుకుపోయి ఉన్నాయి. లోవరాజు గోటితో గీరాడు. తారు గాజులా గట్టిగా ఉంది, గోరే నొచ్చింది.

"రేవులో దించిన ప్రతి పెద్ద సరుక్కీ అడుగున అంకె వేసేవాళ్లం. పైన వేస్తే వర్తకులు నెత్తీ నోరూ కొట్టుకునేవాళ్లు. ఇది నిన్నా మొన్నా పూసిన తారు కాదు. ఇన్‌స్పెక్టరు గారూ, మీరు మూడు రోజులు దీని చుట్టూ తిరిగారు గాని, ఒక్కసారి తిరగేసి చూడలేదు. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతికారు. ఇదే మీ జాడీ. ఎవరో శుభ్రంగా తోమారు, కాగితం కూడా ఆ తోముడులోనే పోయింది, అంతే."

దేవకుమారి రెండు చేతులతో నోరు మూసుకుంది. వీరాస్వామి చతికిలబడి పచ్చమబ్బులని కళ్లప్పగించి చూస్తున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ మబ్బులు అక్కడే ఉన్నాయి, నూనె కింద.

జగన్నాథరావు మొహం ఎర్రబడింది గాని, బుర్ర ఆగలేదు. "బరువు ఏమైంది మరి?"

"అది మీ ముద్దాయినే అడుగుదాం."

బేడీలతో యెహెజ్కేలుని తీసుకొచ్చారు. సన్నటి మనిషి, తెల్లటి మీసాలు, ఊపిరి పీలిస్తే ఈల వేసినట్టు చప్పుడు. కూతుర్ని చూసి కళ్లు దించుకున్నాడు.

"యెహెజ్కేలూ, జాడీ అమ్మావా?"

"లేదండి."

"మరి ఇన్‌స్పెక్టరు గారు అసలు జాడీ ఎక్కడా అని అడిగితే ఏమన్నావు?"

"ఉన్నచోటే ఉందన్నానండి."

"వెటకారం అనుకున్నాను" అన్నాడు జగన్నాథరావు, పళ్ల మధ్య నుంచి.

"జాడీలో ఏముండేది?"

"సగం దాకా ఇసకండి. కదలకుండా ఉంటుందని ఎప్పుడో పోశారు."

"ఎవరు తీశారు?"

"నేనేనండి. సోమవారం పొద్దున ఏడింటికి మొదలెట్టి తొమ్మిదింటికి పెరట్లో పారబోశానండి."

"ఎందుకు?"

యెహెజ్కేలు జవాబు చెప్పలేదు.

"జాడీ తోమింది నువ్వేనా?"

మళ్లీ మౌనం.

"ఆ నాలుగు రోజులూ నువ్వు ఒక్కడివే ఉన్నావా ఇక్కడ?"

మౌనమే. కాని ఈసారి అతని కళ్లు క్షణం పాటు గుమ్మం పైకి వెళ్లి దిగాయి. లోవరాజు ఆ చూపుని పట్టుకుని దాచుకున్నాడు.

"చెప్పు నాన్నా!" అంది దేవకుమారి. "మూడింటికి తీసుకెళ్లిపోతారు. ఏం జరిగిందో చెప్పు."

"అబద్ధం చెప్పకూడదమ్మా" అన్నాడు యెహెజ్కేలు. "ఇచ్చిన మాటా తప్పకూడదు. రెండూ కుదరాలంటే నోరు మూసుకోవడం ఒక్కటే దారి. ప్రభువుకి తెలుసు, చాల్లే."

ప్రభువుకి తెలిసింది మేజిస్ట్రేటుకి తెలియదు, అదీ చిక్కు. లోవరాజుకి ఆ ముసలివాడి మీద గౌరవమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అబద్ధమాడేవాణ్ణి రెండు ప్రశ్నలకి పడగొట్టవచ్చు. మాట ఇచ్చినవాడితో ఎవడు వేగగలడు? కాని మౌనానికీ ఆకారం ఉంటుంది. ఇసక గురించి అడిగితే జవాబు వచ్చింది. మనుషుల గురించి అడిగితేనే నోరు మూతపడింది. దాచుతున్నది తన తప్పుని కాదు, ఇంకెవర్నో.

"చేతులు చూపించు" అన్నాడు.

కుడి బొటనవేలి కొస, చూపుడువేలి పక్క చర్మం లేచిపోయి, ఎండి, మానుతున్నాయి.

లోవరాజు జాడీలోకి వంగి చెయ్యి పెట్టాడు. లోపల మెరుగు లేదు, గరుకు మట్టి. మెడ కింద ఒకచోట అరచెయ్యి మేర నున్నగా అరిగి తెల్లబడింది. ఇంకా కిందికి ఎర్రటి ఒండ్రు మూడు గీతలుగా, ఒకదాని కింద ఒకటి. అడుగున ఎండి పగిలిన సన్నటి ఎర్రమట్టి. దానిలో వేళ్లు పెట్టి కెలికితే సగం అరిగిన గింజ ఒకటి దొరికింది, బొత్తాం పరిమాణం. ఆయన దాన్ని చూసి గుప్పిట మూశాడు.

గోదావరి గట్టున పుట్టిన ఎవరికైనా అది తెలుసు. ఆషాఢం వెళ్లి ఎర్రనీళ్లు రాగానే ప్రతి ఇంట్లోనూ కుండ లోపలి అంచుకి చిల్లగింజ రుద్దుతారు. గంటసేపట్లో ఒండ్రు అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. ఆ గింజని ఇంత పెద్ద జాడీకి సరిపడా రుద్దితే వేలి చర్మం మిగలదు.

"పెరడు చూడాలి" అన్నాడు.

పెరట్లో అరటి పక్కన ఇసక గుట్ట ఉంది. చిటికెడు తీసి ఎండలో పట్టుకుంటే అందులో సన్నటి గవ్వపెంకులు మెరిశాయి. గోదావరి ఇసకలో గవ్వలుండవు, ఇది ఓడతో వచ్చిన సముద్రపు ఇసక. దాని పక్కనే పిసికి పారేసిన కుంకుడుకాయల తుక్కు, శేరుకి తక్కువ ఉండదు. మసిబారిన మూడు ఇటుకల పొయ్యి. బూడిద గంపెడు.

వెనకాలే వచ్చిన జగన్నాథరావు అన్నాడు, "ఏముంది? అమ్మడానికి తేలిక చేశాడు, మెరుస్తుందని తోమాడు. దొంగతనం కాకపోతే దొంగతనానికి సన్నాహం. మేజిస్ట్రేటుకి అదీ చాలు."

"దొంగ కుంకుడుకాయలు నానబెట్టి, బూడిద పెట్టి, పొలుసు పొలుసూ తోముతాడాండీ? ఇంత ఓపిక ఆడవాళ్లకే ఉంటుంది. అదీ ఆ పాత్రలో నీళ్లు నోట్లో పోసుకోవాల్సి వస్తేనే."

జగన్నాథరావు నవ్వాడు. "మీ కథలు మీ కోరంగి వర్తకులకి చెప్పండి. నేను కాగితాలు సర్దుకోవాలి." అని లోపలికి వెళ్లిపోయాడు.

లోవరాజు మళ్లీ మెట్లెక్కాడు. మోకాలు తిట్టింది, ఆయన వినిపించుకోలేదు. హాలు గుమ్మం దగ్గర ఆగి, యెహెజ్కేలు కళ్లు ఎక్కడికి వెళ్లాయో అక్కడికి చూశాడు. ద్వారబంధం పై సందులో వేపమండ దోపి ఉంది. ఆకులు గలగలలాడుతున్నాయి గాని ఇంకా పచ్చదనం పూర్తిగా పోలేదు. ఆరేడు రోజులదై ఉంటుంది. గోడ మూల, నేలకి జానెడెత్తున ఆముదం దీపం మసి.

గుమ్మానికి వేపమండ ఎప్పుడు కడతారో చెప్పడానికి డిటెక్టివు అక్కర్లేదు. ఈ గదిలో ఓ బిడ్డ పుట్టింది.

లోవరాజు ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయాడు. ఏ రోజు, ఎవరి బిడ్డ అన్నది పూతరేకులతో పాటు పొద్దున్నే నోట్లో పడింది. చిక్కుముడి విడిపోయింది, కాని ఆ సంతోషం ఆయనకి అరనిమిషం కూడా నిలవలేదు. ఇది తను బయటపెట్టొచ్చా? మాల పల్లెలో పుట్టి బాప్తిస్మం తీసుకున్న ముసలివాడు నీళ్లు పోస్తే గోడ అవతల ఇన్‌స్పెక్టరు వీధి ఆడవాళ్లు తాగారు. పురిటి నీళ్లూ అవే. ఆ మాట పైకి వస్తే, వరద పోయినా వాళ్ల ఇళ్లలో తుఫాను లేస్తుంది. రాకపోతే యెహెజ్కేలు జైలుకెళ్తాడు. మొత్తం తెలిసే ఆ ముసలివాడు రెండోది ఎంచుకున్నాడు. తను ఎవరు కాదనడానికి?

బాగా ఆలోచించి దేవకుమారిని పక్కకి పిలిచాడు. అరటాకు ముక్కలో చిల్లగింజ చుట్టి చేతిలో పెట్టాడు.

"అమ్మాయ్, ఇన్‌స్పెక్టరు గారి ఇల్లు తెలుసుగా. వాళ్లమ్మగారు రత్నమాణిక్యం గారని పెద్దావిడ. ఇది ఆవిడకి ఇయ్యి. రమ్మని అడక్కు, బతిమాలకు. ఆవిడగా ఏదైనా అడిగితే మాత్రం నిజం చెప్పు."

"ఏంటండీ ఇది?"

"నాకు తెలిసింది. నీకు చెప్పే హక్కు నాకు లేదు. త్వరగా వెళ్లు."

ఆ అమ్మాయి మరచెంబు గుమ్మం పక్కన పెట్టి పరుగెత్తింది. గోడ గడియారంలో ఒంటిగంట పది.

రెండు కొట్టింది. ఎవరూ రాలేదు. రెండుంబావు అయింది. జగన్నాథరావు కాగితాలు చుట్టుకుని లేచాడు.

"ఇక పదండి. జవాన్, ముద్దాయిని దింపు."

లోవరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆలస్యం చెయ్యడానికి ఆయన దగ్గర మిగిలినవి మాటలే.

"ఒక్క మాట. జాడీలో మూడు ఒండ్రు గీతలున్నాయి. అంటే మూడుసార్లు నింపారు. పన్నెండు బిందెలు పట్టే జాడీ. ముప్పై ఆరు బిందెల నీళ్లు ఒక్కడే తాగాడా? బావులన్నీ మునిగిన నాలుగు రోజులు, ఈ ఊళ్లో మెరక మీదున్న మేడ ఇది. గోడ అవతలే మీ వీధి. మగవాళ్లంతా గట్టు మీద. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని ఎక్కడికి పోతారు? ఇతను తలుపు తీశాడు. నీళ్లు తెచ్చి, చిల్లగింజ రుద్ది, తేరాక కాచి పోశాడు. ఇదీ ఇతని దొంగతనం."

యెహెజ్కేలు ఊపిరి ఈల పెద్దదైంది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు, ఇక ఆపమన్నట్టు.

జగన్నాథరావు ఫక్కున నవ్వాడు. "మా వీధా? మా వీధి ఆడవాళ్లు మడి కట్టుకుంటే సొంత పిల్లల్నే ముట్టుకోనివ్వరు. వాళ్లు ఇతని చేతి నీళ్లు తాగారా? సుంకం వారూ, అలాంటి ఇల్లు ఒక్కటుంటే చూపించండి. నేను జన్మలో ఆ ఇంటి గడప తొక్కను."

"అయితే నీ ఇంటికి నువ్వు రాకూడదురా, జగన్నాథం."

ఆ గొంతు లోవరాజు వెనక నుంచి వచ్చింది. ఆయన పక్కకి జరిగాడు. గుమ్మంలో తెల్లపంచె ముసుగు కప్పుకున్న పెద్దావిడ, రొప్పుతూ. వెనక దేవకుమారి. పెద్దావిడ గుప్పిట విప్పింది. అందులో చిల్లగింజ ఉంది.

"అమ్మా! పురుడు దినాల్లో నువ్వు గడప దాటి..."

"దాటాను. దాటకూడని గడపలు పోయిన వారమే చాలా దాటాను, ఇంకోటి లెక్కా?" ఆవిడ గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. "సోమవారం పొద్దున నడుంలోతు నీళ్లలో నీ పెళ్లానికి నొప్పులు మొదలయ్యాయి. గోడ అవతల నుంచి ఇతను కేకేశాడు, రండమ్మా, మెరకగా ఉంది, అని. పైకి వచ్చాక దాహం. చుట్టూ గోదావరి, తాగడానికి చుక్క లేదు. ఈ జాడీలో ఇసక పారబోశాడు. మేం తోముకున్నాం. తెచ్చిన నీళ్లలో ఇతను గింజ రుద్దాడు, చేతులు నెత్తురు కారేదాకా. మా పక్కవీధిలో పచ్చినీళ్లు తాగి ఏడుగురు వాంతులతో పోయారు, అది నీకు తెలుసు. ఈ మేడ మీద ఒక్క పసివాడికి కడుపునొప్పి లేదు. నీ కూతురికి మొదటి స్నానం ఈ జాడీ నీళ్లే. నోట్లో పడ్డ మొదటి తేనెచుక్క కలిపిందీ ఈ నీళ్లతోనే."

జగన్నాథరావు చేతిలోంచి కాగితాల చుట్ట జారింది. ఎవరూ వంగి తియ్యలేదు.

"ఈ మాట పైకి రాకూడదని నేనే ఒట్టు పెట్టించుకున్నాను" అందావిడ. "వాళ్ల పుస్తకం మీద చెయ్యి వేయించి మరీ. మిగతా ఆడవాళ్ల మాట నేను చెప్పను, అది వాళ్లిష్టం. నా మాట నేను చెబుతున్నాను. తాగాను. బతికాను. దానికి ఇతను సంకెళ్లలో ఉన్నాడని పురిటిగదిలో ఉన్న నాకు ఎవరు చెప్పారు? ఈ పిల్ల నోరు తెరవలేదు. మీ నాన్న బాగున్నాడా అని నేనడిగితే, అప్పుడు ఏడ్చింది." ఆవిడ యెహెజ్కేలు వైపు తిరిగింది. "నీ ఒట్టు తీరిపోయింది నాయనా. నేనే తీర్చేశాను."

యెహెజ్కేలు పెదాలు కదిలాయి. మూడు రోజులు దాచుకున్న మాటలన్నీ వస్తాయేమోనని లోవరాజు అనుకున్నాడు. వచ్చింది ఒక్కటే.

"పాప పాలు తాగుతోందాండీ, అమ్మగారూ?"

"తాగుతోంది. రాత్రంతా మమ్మల్ని నిద్రపోనివ్వకుండా తాగుతోంది."

జగన్నాథరావు జవాను దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. తాళంచెవి తీసుకుని తనే బేడీలు విప్పాడు. ఆ చేతుల్ని వెంటనే వదల్లేదు. బొటనవేలి మీద పొక్కుకట్టిన గాయాన్ని చూస్తూ ఉండిపోయాడు. పొద్దున్నుంచి ఆ మొహం మీద లోవరాజుకి ఏమాత్రం నచ్చకుండా ఉన్నదేదో ఇప్పుడు అక్కడ లేదు.

"కచేరీలో ఏం చెప్తారు?" అని అడిగాడు లోవరాజు.

"జాడీ మారలేదని చెబుతాను. వరదలో మనుషుల్ని కాపాడ్డానికి వాడుకున్నారని చెబుతాను." జారిన కాగితాలు వంగి తీసుకున్నాడు. "ఎవరిని అని అడిగితే, నా పెళ్లాన్ని, నా కూతుర్ని అని చెబుతాను."

"వెలేస్తారేమోరా" అంది రత్నమాణిక్యం గారు, భయంగా కాదు, కొడుకు ఎంతవరకు వస్తాడో చూద్దామన్నట్టు.

"వేస్తే, గడప తొక్కేవాళ్లు తగ్గుతారు. పూతరేకులు మనకే మిగుల్తాయి."

ముసలావిడ నవ్వింది. వీరాస్వామి కూడా నవ్వబోయి, తను నవ్వొచ్చో లేదో తెలియక కళ్లజోడు తుడుచుకుని, జాడీకి కొత్త కాగితం అంటించే పనిలో పడ్డాడు. ఈసారి అడుగు తిరగేసి అంకె చూసుకుని మరీ రాశాడు.

తండ్రీకూతుళ్లు మెట్ల దగ్గర ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని నిలబడ్డారు. లోవరాజు వాళ్ల పక్కనే పై మెట్టు మీద కూలబడ్డాడు. మోకాలు సలుపుతోంది, నాలుక పిడచకట్టుకుపోయింది. పాతికేళ్లు ఊళ్లోవాళ్ల మూటలన్నీ విప్పి చూశాడు. తన మూట ఒక్కటి, ఎన్నడూ విప్పనిది, ఇవాళ పొద్దున్న ఇదే మెట్ల మీద తనే ఇంకో ముడేసుకున్నాడు. సిగ్గేసింది. ముసలావిడ నలుగురిలో చెప్పగలిగింది, తను ఒక్క అమ్మాయికి చెప్పలేడా?

"అమ్మాయ్, ఆ మరచెంబులో నీళ్లున్నాయా?"

"ఉన్నాయండి."

"పొద్దున దాహం లేదన్నాను."

"అవునండి."

"అబద్ధం చెప్పానమ్మా."

దేవకుమారి ఆయన మొహంలోకి చూసింది. ఈసారి మాత్రం ఆ మొహం మారింది. మూత తిప్పి చెంబు అందించింది. నీళ్లు పొద్దుటివి, ఎండకి కాస్త వెచ్చబడ్డాయి. లోవరాజు చెంబు ఖాళీ అయ్యేదాకా కిందికి దించలేదు.